విడిది శుక్రవారం

“బస్సు ఇంకా వంతెన దాటి ఉండదు. ఫోన్ చేసి వెనక్కి తిప్పమను.”

వేడ్ డ్రెసెల్ కోటు కూడా విప్పకుండా వంటింటి గుమ్మంలో నిలబడి అన్న మాట ఇది. పొయ్యి మీద పెద్ద డేగిసాలో మాంసం, చిక్కుడుగింజలు కలిసి కుతకుత ఉడుకుతున్నాయి. ఓవెన్‌లోంచి దాల్చినచెక్క రోల్స్ వాసన ఇల్లంతా కమ్ముకుంది. అతని భార్య మార్లిస్ గరిటె తిప్పడం ఆపలేదు.

“బస్సు ఎటు తిరిగితే మనకేం? దిగాల్సినవాళ్ళు దిగారు. సామాన్లు మేడమీదికి చేరాయి. నీ మంచం మీద ఒకమ్మాయి మోకాళ్ళకి ఐసు కట్టుకుని పడుకుంది కూడా.”

“నా మంచం మీదా?”

“విడిది శుక్రవారం నాడు నీ మంచం ఎప్పుడు నీదైంది గనక?”

వేడ్ నుదురు కొట్టుకున్నాడు. ఇవాళ అక్టోబరు మొదటి శుక్రవారమన్న సంగతి దారిలో ఆ బస్సు కనబడేదాకా అతనికి తట్టనే లేదు. మార్లిస్ కోచ్ అయిన దగ్గర్నుంచీ, ఆట సొంత ఊళ్ళో ఉన్న ప్రతిసారీ ఈ రోజున ప్రత్యర్థి జట్టు పిల్లలకి మంచం వదిలి కుర్చీలో కునికిపాట్లు పడిన మనిషి. అలాంటివాడు ఆ రోజునే మరిచిపోయి, టీవీ ఛానల్ పెద్దమనిషిని ఇంటికి భోజనానికి పిలిచాడు. ఆఫీసు గోడమీదికి కొత్త లీగు కేలండర్ ఎక్కగానే పాతది బుర్రలోంచి దిగిపోయింది పాపం.

“కాసేపట్లో ప్రూయిట్ వచ్చేస్తాడు.”

“రానీ. అందరికీ సరిపడా వండాను.”

“మార్లిస్, ఆయన ఎవరనుకుంటున్నావ్? ఏ ఆట రద్దు చేశామని ఆ ఛానల్‌కి చెప్పామో, ఆ ఆట ఆడేవాళ్ళు నా సోఫా మీద సాక్సు ఆరేసుకుంటున్నారు!”

“సోఫా మీద కాదు. హీటరు మీద.”

జూన్‌లో ప్రెయిరీ స్టేట్ కాలేజీ లీగు మారింది. ఇరుగుపొరుగు కాలేజీలతో తాతల నాటి నుంచి ఆడుతున్న మైదాన లీగుకి దణ్ణం పెట్టి, ఎక్కడో సముద్రం ఒడ్డున ఉన్న కాలేజీల లీగులో చేరింది. కారణం దాచేదేమీ లేదు. ఆ లీగు ఫుట్‌బాల్ కోసం టీవీ వాళ్ళు గంపలకొద్దీ డబ్బు ఇస్తారు. బేరం ఫుట్‌బాల్‌దే గానీ, మిగతా ఆటలన్నిటినీ కూడా మూటగట్టి దాని వెనకాలే పంపేశారు. ఫుట్‌బాల్ కుర్రాళ్ళు ఎప్పుడో ఒక శనివారం విమానం ఎక్కితే, వాలీబాల్ పిల్లలు వారం వారం ఎక్కుతున్నారు. రాత్రి సముద్రం ఒడ్డున ఆడి, తెల్లారేసరికి కాన్సాస్‌లో కెమిస్ట్రీ పరీక్షకి కూర్చుంటున్నారు. ఆ బేరం కుదిర్చింది కాలేజీ క్రీడల డిప్యూటీ డైరెక్టర్ వేడ్ డ్రెసెల్. ఆ పిల్లలకి కోచ్ అతని భార్య. ఇక ఆ ఇంట్లో నాలుగు నెలలుగా సంసారం ఎలా నడుస్తోందో వేరే చెప్పక్కర్లేదు.

నదికి అవతలున్న కోల్టన్ కాలేజీని మాత్రం ఎవరూ ఏ కొత్త లీగులోకీ పిలవలేదు; అది పాతదాంట్లోనే మిగిలిపోయింది. విడిదికి వచ్చిన పిల్లలు ఆ కాలేజీవాళ్ళే.

“డైరెక్టర్ ఏమన్నాడో నీకు తెలుసు కదా,” వేడ్ గొంతు తగ్గించాడు. “రేపు పొద్దున్న పాత జిమ్‌లో కోల్టన్‌తో ఆట ఆడించావంటే సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదన్నాడు. కొత్త లీగు వారాంతంలో బయటి ఆటలు ఆడకూడదు. అది ఒప్పుకునే సంతకం పెట్టాం.”

“పెట్టాం కాదు. పెట్టావు.”

“సరే, పెట్టాను. నాకు వేసెయ్ శిక్ష. నీ ఉద్యోగం ఎందుకు పోగొట్టుకుంటావ్?”

“విమానం మధ్యాహ్నం కదా? పొద్దున్నే ఆడేసి, స్నానాలు చేసి ఎక్కుతాం. ఆదివారం మీ టీవీలో చక్కగా కనబడతాం. మీ సంతకానికి వచ్చిన లోటేంటి?”

వేడ్ జవాబు చెప్పేలోగా వాళ్ళ కూతురు లినియా గిన్నెల కోసం లోపలికి వచ్చింది. అమ్మ జట్టులో సెట్టర్, కొట్టేవాళ్ళకి బంతి ఎత్తి అందించే పిల్ల. కాలేజీలో ఇదే ఆఖరి ఏడు. తండ్రి మొహం, తల్లి మొహం మార్చి మార్చి చూసింది.

“నాన్నా, నువ్వు ఇవాళ ఎక్కడ పడుకుంటావో చెప్పు. కుర్చీ కూడా కోల్టన్ పిల్ల జోవిటా తీసేసుకుంది.”

“గ్యారేజీలో పడుకుంటాలే,” అన్నాడు వేడ్.

“దుప్పటి మర్చిపోకు,” అంది మార్లిస్.

*

కోల్టన్ కోచ్ డెలోరా హింటన్ మార్లిస్‌కి పాత శత్రువు. ఒకరి సర్వీస్ ఒకరు మొహం మీదికి తీసుకున్న రోజుల నుంచీ శత్రువు. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. వచ్చినప్పటి నుంచీ బల్ల చివర కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. ఎప్పుడూ వాగుతూ ఉండే మనిషి ఇవాళ ఎందుకో పొదుపుగా మాట్లాడుతోంది.

“ఏమే, ముక్కలు చిన్నవి చెయ్. గోడ కడుతున్నావా?” అంది మార్లిస్.

“నీ వంటకి రుచి రావాలంటే ఏదో ఒకటి పెద్దగా ఉండాలి కదా, తల్లీ.”

ఆ మాటకి కోల్టన్ పిల్లలు నలుగురూ నవ్వారు. డెలోరా నవ్వలేదు.

ప్రూయిట్ రానే వచ్చాడు. వయసు చిన్నదే. బూట్లు చాలా శుభ్రంగా ఉన్నాయి. వాకిట్లో గుట్టగా పడున్న సంచుల్ని దాటుకుంటూ, “ఓహో, చుట్టాలున్నారా?” అన్నాడు. వేడ్ మింగలేక కక్కలేక, “అంటే... పక్క ఊరివాళ్ళు,” అని నసిగాడు.

“శత్రువులం,” అని జోవిటా సరిదిద్ది, రొట్టెల బుట్ట ఆయన చేతిలో పెట్టింది. “ఇది బల్ల మీద పెట్టండి. మీ కుర్చీ అదిగో, కాలు ఒకటి కుంటిది, జాగ్రత్త.”

అందరూ సర్దుకుని కూర్చున్నారు. ప్రూయిట్ మొదటి చెంచా నోట్లో పెట్టుకుని, మర్యాదకి కాబోలు, “అయితే ఈ ఏడు మీ జట్టు ఎలా ఆడుతోంది, కోచ్?” అని అడిగాడు.

బల్ల చుట్టూ ఉన్న అమ్మాయిలంతా ఒక్కసారిగా బల్ల చరిచి, “గిన్నెలు! గిన్నెలు!” అని అరిచారు. ప్రూయిట్ చెంచా జారవిడిచాడు.

“విడిది రాత్రి బల్ల దగ్గర ఆట మాట ఎత్తకూడదు,” లినియా నవ్వుతూ చెప్పింది. “ఎత్తినవాళ్ళు అందరి గిన్నెలూ కడగాలి. ఇంకా ఉన్నాయి. మెత్తటి మంచాలు వచ్చినవాళ్ళకి. పొద్దున్న ఏం పెట్టినా ముందు ఇంటివాళ్ళు ఒక ముక్క తిని చూపించాలి.”

“అదెందుకు?”

జోవిటా అందుకుంది. “మేమింకా పుట్టకముందు సంగతండీ. వీళ్ళలో ఒక మహాతల్లి మా వాళ్ళకి ఆల్బుకరా పళ్ళు దట్టించిన బన్నులు పెట్టింది. కడుపునిండా. పాపం, మొదటి సెట్ అంతా మా వాళ్ళు బాత్రూములోనే ఆడారు.”

“ఆ మహాతల్లి ఎవరు?”

అందరూ మార్లిస్ వైపు చూశారు. మార్లిస్ వెన్న రాసుకుంటూ, “రుజువు లేదు,” అంది.

ఇల్లు దద్దరిల్లేలా నవ్వారు. వేడ్ కూడా నవ్వాడు. ఆ నవ్వులో అతను చాలారోజుల తర్వాత భార్య కళ్ళలోకి చూశాడు. మార్లిస్ చూపు తిప్పుకోలేదు. ఎంత కోపమున్నా, ఈ బల్ల దగ్గర ఇతను నవ్వితే ఆమెకి బాగుంటుంది.

ప్రూయిట్ మాత్రం తినడం మానేసి మనుషుల్నే చూస్తున్నాడు. ఎవరు ఏ మంచం మీద పడుకుంటారో, ఎన్నేళ్ళుగా ఇలా జరుగుతోందో, ఊళ్ళో ఇంకెన్ని ఇళ్ళలో పిల్లలు దిగారో అడిగి తెలుసుకున్నాడు. చివరికి కుంటికుర్చీ వెనక్కి జరిపి లేచి నిలబడ్డాడు.

“వేడ్, మీ దగ్గర ఇంత సరుకుంచుకుని నాకెందుకు చెప్పలేదు? ఇది బంగారం! రద్దు చేశామన్న ఆట ఇదేనన్నమాట! దీని గురించి మీ డైరెక్టర్‌కేదో ఇబ్బందని విన్నాను. ఆ సంగతి నాకొదిలెయ్యండి, లీగుతో నేను మాట్లాడతాను. రేపు ఆడుకోండి. వచ్చే ఏడు నుంచి ఈ ఆట మేమే చూపిస్తాం. ఆట ఒక్కటే కాదు. ఈ బల్ల, ఈ మంచాలు, ఈ నవ్వులు, అన్నీ. రెండు కాలేజీలకీ డబ్బు. కోల్టన్‌కి కూడా.”

వేడ్ మొహం వెలిగిపోయింది. భార్య ఉద్యోగం నిలబడింది. తనకీ ఆమెకీ మధ్య నిలబడ్డ గోడకి తలుపు దొరికింది. “విన్నావా మార్లిస్?” అన్నాడు చిన్నపిల్లాడిలా.

“విన్నాను. శుక్రవారమేనా?”

“మంగళవారం చెయ్యాల్సి ఉంటుంది,” అన్నాడు ప్రూయిట్. “శుక్రవారం మాకు ఫుట్‌బాల్ హడావుడి.”

“మంగళవారం రాత్రి వీళ్ళు ఇక్కడ పడుకుంటే బుధవారం క్లాసులో ఎవరు కూర్చుంటారు?”

“అది కాలేజీలు చూసుకుంటాయి. ఇళ్ళలో కెమెరాలు పెడతాం, మీకు అడ్డం రావు. అన్నట్టు ఆ బన్నుల సంగతి మళ్ళీ ఒకసారి చేయిస్తే ఎలా ఉంటుంది? నిజంగా కాదు, ఊరికే, సరదాకి.”

మార్లిస్ వెన్న కత్తి పళ్ళెం పక్కన పెట్టింది.

“ప్రూయిట్ గారూ, ఈ విడిది ఎలా మొదలైందో అడగలేదు మీరు. నేను చెబుతా వినండి. మా కాలేజీలో ఆడపిల్లల జట్టు పెట్టిన కొత్తలో మగపిల్లలకి హోటలుండేది, బస్సుండేది, రాత్రి భోజనానికి మాంసముండేది. మా వాళ్ళకి ఒక డొక్కు వ్యాను తాళం ఇచ్చి, ఎక్కడ వీలైతే అక్కడ పడుకోండన్నారు. కోల్టన్‌లో మంచు పడుతుంటే పిల్లలు వ్యానులో ముడుచుకుని కూర్చున్నారు. చూసిన తల్లులు తలుపులు తీసి, తమ పిల్లల పక్కన పడుకోబెట్టారు. తెల్లారి ఆ తల్లుల పిల్లలు మా పిల్లల చేతుల్లోనే ఓడిపోయారు. అదీ విడిది. మీరెవరూ ఏమీ ఇవ్వనందుకు మేం చేసుకున్నది. మీరివ్వనందుకే పుట్టినదాన్ని ఇప్పుడొచ్చి కొనుక్కుంటానంటే నేనమ్మను.”

“కోచ్, నేను చెడ్డగా ఏమీ...”

“మీరు మంచివారే. రేపు నేను ఆడిస్తాను. మీరు మాట్లాడినా ఆడిస్తాను, మాట్లాడకపోయినా ఆడిస్తాను. సోమవారం నన్ను తీసెయ్యమనండి. ఈ బల్ల మాత్రం అమ్మకానికి లేదు.” మార్లిస్ చేత్తో వంటిల్లు చూపించింది. “గిన్నెల సబ్బు కుడివైపుంది. ఆట మాట ఎత్తారు కదా.”

ప్రూయిట్ చొక్కా చేతులు మడిచాడు. అడుగంటిన డేగిసాతో సహా అన్నీ కడిగాడు. చెయ్యి తుడుచుకుని, మంచి భోజనం పెట్టారని చెప్పి, కారు దగ్గరికి వెళ్ళిపోయాడు. చెడ్డవాడైతే మార్లిస్‌కి తేలికగా ఉండేది.

*

పిల్లల్ని మేడమీదికి పంపి మార్లిస్ వెనక వసారాలోకి వచ్చింది. వేడ్ అక్కడే ఉన్నాడు. పక్కింటివాళ్ళ ఇంట్లోంచి కోల్టన్ పిల్లల పాటలు వినబడుతున్నాయి.

“నిన్ను నిలబెట్టుకోడానికి ఒక దారి దొరికింది,” అన్నాడు వేడ్. “కాలితో తన్నేశావు.”

“నువ్వు అమ్మేసినవాటిలో ఇది లేదనుకున్నాను.”

“అమ్మేశావు, అమ్మేశావు! ఎన్నాళ్ళంటావు ఆ మాట? నేను అమ్మకపోతే నీ జిమ్‌కి కొత్త నేల ఎక్కడిది? నీ పిల్లల చదువుల ఖర్చు ఎక్కడిది? మనం పాత లీగులోనే కూర్చుని ఉంటే ఇవాళ కోల్టన్‌కి పట్టిన గతే మనకీ పట్టేది!”

“కోల్టన్‌కి ఏం పట్టింది?”

వేడ్ టక్కున ఆగిపోయాడు. వసారా స్తంభం వైపు చూశాడు. చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

“ఏం పట్టిందని అడుగుతున్నాను.”

“నన్నడక్కు. నాకు చెప్పినవాళ్ళు ఎవరికీ చెప్పొద్దన్నారు.”

“నాలుగు నెలల నుంచీ నాకు చెప్పనివి చాలా ఉన్నాయిలే నీ దగ్గర. ఇదీ అందులో వేసుకో!”

“చెప్పెయ్ వేడ్,” అంది వెనకనుంచి డెలోరా. “నా గురించే కదా.”

ఆమె తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలీదు. వేడ్ తలవంచుకున్నాడు. ఆమే చెప్పింది.

“ఈ ఏడాదితో మా జట్టు ఎత్తేస్తున్నారే. మీరు పోయాక మా లీగు ఆటలు చూపించడానికి ఏ ఛానలూ రావట్లేదు. డబ్బు రావట్లేదు. ముందు వాలీబాల్ తీసేస్తారు, తర్వాత ఈత. పిల్లలకింకా తెలీదు. జోవిటా మొదటి ఏడే. స్కాలర్‌షిప్ లేకపోతే వాళ్ళ నాన్న పశువుల దొడ్లో పనికి పంపేస్తాడు.”

మార్లిస్ గోడకి ఆనుకుంది. తను ఇందాక బల్ల దగ్గర విసిరేసినదేమిటో ఇప్పుడు అర్థమైంది. అది తన ఉద్యోగం కాదు.

“సాయంత్రం నుంచీ నా ఇంట్లో ఉన్నావు. నాకెందుకు చెప్పలేదు?”

“ఏమని చెప్పాలి? జాలి పడతావని తెలుసు. రేపు నువ్వు జాలిపడుతూ ఆడిస్తే, ఆ గెలుపు నాకెందుకు?”

“మరి ఆయన డబ్బు మాటెత్తినప్పుడైనా నోరు విప్పాల్సింది!”

“విప్పబోయాను. అప్పటికే నువ్వు ఉపన్యాసం మొదలెట్టావు.” డెలోరా మొదటిసారి నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు ఉండలేదు. “బ్రహ్మాండంగా మాట్లాడావే. నా ఒళ్ళు పులకరించింది. ప్రతి మాటా నిజం. వ్యానులో ముడుచుకుని కూర్చున్న ఆ పిల్లల్లో ఒకర్ని మా అమ్మే మా అక్క పక్కన పడుకోబెట్టింది, నాకు తెలీదా? కానీ నువ్వు నీ పౌరుషం చూపించుకోడానికి నీకొక జట్టుంది. నాకు వచ్చే ఏడు అదీ ఉండదు.”

“వాళ్ళు మన మంచాల దగ్గర కెమెరాలు పెడతారు డెలోరా. పిల్లల చేత దొంగ నవ్వులు నవ్విస్తారు. మంగళవారం...”

“మంగళవారమైనా, ఆదివారమైనా, పాతికసార్లు నవ్వించమన్నా నవ్విస్తాను. ఆడడానికి నేలుంటే చాలు నాకు. సిగ్గు తర్వాత పడతాను.”

“నేను పడను!” అంది మార్లిస్. “ఇంకో దారి వెతుకుదాం. నేను మీ వాళ్ళ దగ్గరికొస్తాను, మీ ప్రెసిడెంటు గుమ్మం ముందు కూర్చుంటాను. రెండూళ్ళ జనాన్నీ పోగేద్దాం. ఇన్నేళ్ళూ మంచాలిచ్చినవాళ్ళంతా వస్తారు. పోట్లాడదాం.”

“నాలుగు నెలలు పోట్లాడాను. నువ్వు విమానాల్లో ఉన్నావు.”

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే మార్లిస్‌కి ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. వేడ్ ఒకడుగు ముందుకేసి భార్య భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆమె విదిలించుకుంది. మళ్ళీ ఏమనుకుందో, తనే అతని చెయ్యి పట్టుకుంది.

ఇంటి పక్కనుంచి చూస్తే ముందున్న ప్రూయిట్ కారు ఇంకా కదల్లేదు. లోపల దీపం వెలుగుతోంది. ప్రూయిట్ ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

డెలోరా స్వెటరు బొత్తాలు పెట్టుకుంది. ఇంటి పక్కనుంచి నడుచుకుంటూ ముందు వాకిట్లోకి వెళ్ళింది. మార్లిస్ వెనకే వెళ్ళి మెట్ల దగ్గర ఆగింది.

“డెలోరా, ఆగు! వెళ్ళావంటే రేపు నీతో ఆడను.”

“ఆడతావు. నన్ను ఓడించకుండా నీకు నిద్ర పట్టదు.”

కారు దాకా వెళ్ళి డెలోరా అద్దం మీద వేలితో కొట్టింది. లోపల ప్రూయిట్ ఫోను చెవి మీంచి తీశాడు. అద్దం దిగుతోంది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. ఇన్నేళ్ళలో ఓడిపోయినప్పుడు కూడా మార్లిస్‌కి చూపించని బేల మొహం అది.

“వస్తున్నావా, లేక నన్నొక్కదాన్నే అమ్ముకోమంటావా?”